తాగినవాని మెదడు మరల దారికి వచ్చునా?



వైద్యశాస్త్రమున దాదాపు ఒక శతాబ్దకాలము వేదవాక్యమువలె చెలామణియైన సిద్ధాంతమొకటి కలదు. చర్మము తెగినచో మానును, ఎముక విరిగినచో అతుకుకొనును, నెత్తురు పోయినచో మరల ఊరును గాని, మెదడులోని నాడీకణము మాత్రము ఒకసారి నశించెనా, దాని స్థానమున మరియొకటి పుట్టుట కల్ల యనియు, పసితనమున ఏర్పడిన కణములతోనే మనుష్యుడు కాటికి పోవువరకు కాలము గడుపవలసినదే యనియు ఆ సిద్ధాంతపు సారాంశము. నాడీకణముల రూపురేఖలను అద్భుతముగ చిత్రించి 1906లో నోబెల్ బహుమానము నందిన స్పెయిన్ దేశపు మహాశాస్త్రజ్ఞుడు రమోన్ ఇ కహాల్ అంతటివాడు ఈ మాటను ఖండితముగ చెప్పియుండుటచేత, తరువాతి తరములవారు దానిని పరీక్షించి చూడవలెనన్న తలంపునకే రాలేదు. మద్యపానమును గూర్చి లోకమున వాడుకలో నున్న నమ్మకము కూడ దీని నీడననే పెరిగినది: తాగుబోతు గుక్క గుక్కకు వేలకొలది మెదడుకణములను చంపుకొనుచున్నాడనియు, చచ్చినవి చచ్చినవే యనియు.

ఈ రెండు మాటలును ఉన్నవి ఉన్నట్లుగా నిలువలేదు. అవి ఎట్లు సడలినవో, వాని స్థానమున నేడు ఏమి తెలియవచ్చినదో చెప్పుటకే నేటి ప్రసంగము.

మాఘ ఫాల్గుణ మాసములు వచ్చినవనగా మా దాచేపల్లి చుట్టుపట్ల నల్లరేగడి చేల నడుమ ఎక్కడికక్కడ మిరప కల్లములు వెలయును. ఉత్తరమున కృష్ణ, ఊరిని ఆనుకొని నాగులేరు, ఒకవైపు నాపరాతి గనులు, మరియొకవైపు పత్తి, మిరప. ఇదియే ఈ పల్నాటి సీమ స్వరూపము. అట్టి కల్లమొకదానిలో, ఎండకు పరచిన కాయల నుండి తాలుకాయలు ఏరుచు కూర్చున్న ఒక ఇల్లాలు, నేను బడిలో సైన్సు చెప్పినవాడనన్న ఆదరముచేత కాబోలు, తల యెత్తకయే అడిగినది: "మాస్టారూ, మా ఆయన తాగుడు మానేసి ఇంకా నెల కూడా కాలేదండీ. పొద్దున ఎవరికి డబ్బులిచ్చాడో సాయంత్రానికి గుర్తుండట్లేదు. తాగినోడి బుర్ర ఇంక ఇంతేనా, మళ్ళీ దారికొచ్చుద్దా?" నేను నోరు విప్పకమునుపే ప్రక్కనున్న ముసలమ్మ తీర్పు చెప్పివేసినది: "ఒక్కసారిగా మాన్పిస్తే ఎట్టా తల్లీ? కొంచెం కొంచెం పోస్తా ఉండు, అదే సర్దుకుంటది."

ఆ ప్రశ్నయందు గల శాస్త్రము ఎంతటిదో అడిగిన ఆమెకు తెలియదు. ముసలమ్మ మాటలో కూడ కొంత లోకానుభవము లేకపోలేదు. దానిని గూర్చి తరువాత చెప్పెదను.

ముందుగ, మన ప్రాంతమున మనుష్యుడు తాగునది ఎంతయో లెక్క తెలిసికొనవలెను. ఇప్పటి కూలివాని కొలత క్వార్టరు సీసా. దానిలో పట్టునది 180 మిల్లీలీటర్లు. సీసాపై ముద్రించియుండు మద్యసార ప్రమాణము నూటికి 42.8 పాళ్ళు. గుణించి చూచినచో ఒక్క క్వార్టరులో 77 మిల్లీలీటర్ల శుద్ధమద్యసారము, అనగా సుమారు 60 గ్రాములు, కలదని తేలును. అమెరికా వైద్యులు ఒక పానీయమునకు 14 గ్రాములుగ లెక్కకట్టి, పురుషుడు ఒక్క కూర్చుండులో అయిదు పానీయములు పుచ్చుకొనుటను అతిపానమని పిలుతురు. ఆ అతిపానపు గీటునకు మన క్వార్టరు ఇంచుమించు అంచున నిలుచును, రెండవ సీసా మూత తీసినచో గీటు దాటిపోవును. పత్తితీతల కాలమున, మిరపకోతల కాలమున, చేతికి వారపు కూలి వచ్చిన సాయంకాలము, బెల్టు షాపు ముందర రెండవ సీసా మూత తీయనివాడు ఎందరో నేను లెక్క చెప్పజాలను.

ఈ సీమకు మద్యమును గూర్చిన వాదోపవాదములు కొత్తవి కావు. ఆంధ్రరాష్ట్రము అవతరించి ఏడాది దాటిన కొలది దినములకే, 1954 నవంబరులో, నేడు తన పేరనే జిల్లా కలిగియున్న టంగుటూరి ప్రకాశం పంతులుగారి మంత్రివర్గము మద్యనిషేధపు చిక్కుమీద వచ్చిన అవిశ్వాస తీర్మానమున ఒక్క ఓటు తేడాతో కూలిపోయినది. తరువాత 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు, రాత్రిబడిలో నేర్చిన నాలుగక్షరముల బలముతో సారా దుకాణమును మూయించిన వృత్తాంతము ఊరూర ప్రాకి ఉద్యమమైనది. 1993 అక్టోబరు 1న సారా నిషిద్ధమైనది. 1995 జనవరి 16 నుండి సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది. 1997లో అది పోయినది. ఈ చర్చలన్నిటియందును ఖజానా ప్రసక్తి కలదు, కాపురముల ప్రసక్తి కలదు, చెడిపోయిన కాలేయముల ప్రసక్తి కలదు. మెదడు ప్రసక్తి మాత్రము అరుదు. అందులకు ఎవరిని నిందింపవలసిన పనిలేదు. ప్రకాశంగారి మంత్రివర్గము పడిపోవునాటికి, పెద్దవయసు మెదడులో కొత్త కణము పుట్టుననుటకు మొదటి ఆధారము లోకమునకు అందుటకు ఇంకను ఎనిమిదేండ్లు ఉండెను. మనుష్యుని మెదడులో దానికి రుజువు దొరుకునప్పటికి మన రాష్ట్రమున నిషేధము ఎత్తివేసి ఏడాది గడిచినది.

ఆ మొదటి ఆధారము 1962వ సంవత్సరపుది. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో జోసెఫ్ ఆల్ట్‌మన్ అను శాస్త్రజ్ఞుడు పెరిగిన ఎలుకల మెదళ్ళపై చేసిన ప్రయోగమది. ఆ పద్ధతి ఎంత ఓర్పుతో కూడినదో చెప్పక ముందుకు సాగుటకు నాకు మనసు రాదు. కణము రెండుగ చీలవలెనన్న ముందుగ తన డి.ఎన్.ఏ.కు మారుప్రతి తయారుచేసికొనవలెను. అందులకు థైమిడిన్ అను ద్రవ్యము కావలెను. ఆ థైమిడిన్‌లోని సాధారణ హైడ్రోజన్‌ను తొలగించి రేడియోధార్మికమైన హైడ్రోజన్‌ను చేర్చి ఎలుకకు సూదిమందుగ ఇచ్చినచో, ఆ వేళ విభజన చెందుచున్న కణములు మాత్రమే దానిని తమలో ఇముడ్చుకొనును. తక్కిన పాతకణములు దానివంక చూడవు. కొన్నాళ్ళు గడచిన పిమ్మట ఎలుక మెదడును మిక్కిలి పలుచని పొరలుగ కోసి, గాజుపలకపై అతికించి, దానిమీద ఫోటో ఫిల్ముకు పూయునట్టి వెండిలవణపు పూత పూసి, గాలి వెలుతురు సోకని చీకటిపెట్టెలో వారముల తరబడి భద్రపరచుదురు. లోపల చిక్కుకొన్న ఆ కొలదిపాటి రేడియోధార్మికత, కెమెరాలో వెలుతురు చేయు పనియే చీకటిలో చేసి, పూతను నల్లబరచును. అప్పుడు పలకను కడిగి సూక్ష్మదర్శిని క్రింద నుంచినచో, లేతనీలి రంగు కణకేంద్రములలో కొన్నింటిపై మాత్రము ఆవపొడి చల్లినట్లు నల్లని చుక్కలు కానవచ్చును. చుక్కలున్నది సూది వేసిన దినమున పుట్టినది. పెరిగిన ఎలుక మెదడులో, నాడీకణములను పోలిన కణములపై, ఆల్ట్‌మన్ ఆ చుక్కలను చూచెను.

1965లో గోపాల్ దాస్ అను సహచరునితో కలిసి ఆయన హిప్పోకాంపస్ అను భాగమున ఈ జననము జరుగుచున్నదని విపులముగ ప్రకటించెను. ఆ సహచరుని పేరు వినగానే మన చెవి నిక్కుట సహజము. కాని ఆ కాలపు శాస్త్రలోకము ఆ యిద్దరి మాటకును చెవి యొగ్గలేదు. ఆ చుక్కలున్నవి నాడీకణములు కావేమో, వానికి అండగ నుండు గ్లియా కణములేమో యని కొందరు త్రోసిపుచ్చిరి, కొందరు మర్యాదగ మఱచిపోయిరి. 1977లో మైకేల్ కప్లాన్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూచి అవి నాడీకణములే యని చెప్పినను అదే గతి పట్టినది. 1980ల ఆరంభమున ఫెర్నాండో నాటెబామ్, కానరీ పక్షుల పాటకు ఆధారమైన మెదడుభాగమున ఎదిగిన పక్షియందు సైతము కొత్తకణములు పుట్టుచున్నవని చూపినప్పుడు, పక్షికి చెల్లినది మనుష్యునకు చెల్లునా యని పెదవి విరిచిరి. పండితుల పట్టుదల మూఢుల పట్టుదలకు తీసిపోదు.

1998 నవంబరులో స్వీడన్ దేశపు ఎరిక్సన్, అమెరికాకు చెందిన ఫ్రెడ్ గేజ్ మొదలైనవారి పరిశోధన వెలువడినది. క్యాన్సరు రోగులకు కణితి పెరుగుదల తెలిసికొనుటకై ఇచ్చు ఒక రసాయనము, పై థైమిడిన్ వలెనే, పుట్టుచున్న కణములలో చేరును. ఆ రోగులు మరణించిన పిమ్మట, వారి ముందస్తు అంగీకారముతో మెదళ్ళను పరీక్షింపగా, హిప్పోకాంపస్‌లో ఆ గుర్తు కలిగిన నాడీకణములు కనబడినవి. ఆ వయసు మీరిన రోగుల మెదళ్ళలో, మృత్యువు వాకిట నిలిచిన దినములలో సైతము, కొత్తకణములు పుట్టుచునేయుండెనన్న మాట. 2013లో స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థవారు మరింత విచిత్రమైన కొలమానమును ఇందులకు వాడిరి. 1950ల నుండి 1963 వరకు అగ్రరాజ్యములు ఆకాశమున పేల్చిన అణుబాంబుల వలన గాలిలో కార్బన్-14 పెరిగి, ఆ పిమ్మట క్రమముగ తగ్గినది. గాలినుండి పైరునకు, పైరునుండి అన్నమునకు, అన్నమునుండి కణపు డి.ఎన్.ఏ.కు చేరి అది అచ్చటనే నిలిచిపోవును. ఏ కణమున ఎంత కార్బన్-14 కలదో కొలిచినచో ఆ కణము పుట్టిన సంవత్సరము తెలియును. ఆ లెక్కప్రకారము పెద్దవయసు మనుష్యుని ఒక్కొక్క హిప్పోకాంపస్‌లో దినమునకు సుమారు 700 కొత్త నాడీకణములు చేరుచున్నవి. లోకసంహారమునకై తయారైన ఆయుధము ఈ జననముల లెక్కకు పనికివచ్చుట విధివిలాసము.

ఈ మాటతో వివాదము ముగిసినదని శ్రోతలు అనుకొనరాదు. 2018లో ఒక అమెరికా బృందము, బాల్యము దాటిన పిమ్మట మనుష్యునియందు ఈ జననము కానరాదని ప్రకటించినది. ఆ యేడాదిననే వేరొక బృందము ముదిమి వరకును కలదని ప్రకటించినది. మరుసటి యేడాది స్పెయిన్ పరిశోధకులు ఆరోగ్యవంతుల మెదళ్ళలో సమృద్ధిగ కలదనియు, ఆల్జైమర్ వ్యాధిగ్రస్తులలో తగ్గిపోవుననియు చూపిరి. మరణానంతరము మెదడును ఎంతసేపటికి భద్రపరచిరి, ఏ రంగులతో పరీక్షించిరి అన్నదానిమీద ఫలితము మారుచున్నది. నా మట్టుకు నాకు, సాక్ష్యము తూకము కలదనువారి వైపే మొగ్గినట్లు తోచుచున్నది. కాని ఎలుకలలో నిశ్చయమైనంతగ మనుష్యులలో నిశ్చయమైనదని చెప్పుట అతిశయోక్తి యగును.

హిప్పోకాంపస్ కణతల లోపల, చెవులకు కొంచెము లోతుగ, ఇరువైపుల నుండునట్టిది. నడచిన సంగతులను జ్ఞాపకములుగ నిలుపుట దాని ముఖ్యధర్మము. అందును ఈ కొత్తకణములు చేరునట్టి డెంటేట్ గైరస్ అను మడత, ఒకదానిని మరియొకటి పోలిన రెండు అనుభవములను వేరువేరుగ భద్రపరచుటకు తోడ్పడునని ఎలుకలపై జరిగిన ప్రయోగములు తెలుపుచున్నవి. దీనిని మన వ్యవహారములో చూతము. ఒక రైతు ఎరువుల కొట్టు అరుగుమీద కూర్చుండి సోమవారము నాడు రెండు బస్తాలు అరువు తెచ్చెను. గురువారము నాడు అదే అరుగున, అదే గుమస్తా యెదుట, మరల రెండు బస్తాలు తెచ్చెను. అరుగు ఒకటే, మనిషి ఒక్కడే, బస్తా రంగు ఒకటే. ఈ రెండును వేరు బేరములని గుర్తుంచుకొనుట సామాన్యముగ కనబడును గాని మెదడునకు అది సున్నితమైన పని. అది తప్పినచో రెండు నాలుగగును, నాలుగు రెండగును, పద్దుపుస్తకముకడ గొంతులు లేచును. పొద్దున ఇచ్చిన డబ్బు సాయంత్రమునకు గుర్తులేదన్న ఆ యిల్లాలి ఫిర్యాదు ఇట్టి తావునకు చెందినదే కావచ్చును.

ఇక కొత్తకణము పుట్టుటకును, పనికి వచ్చుటకును నడుమ గల దూరమును చెప్పుటకు మన మిరపనారుమడిని మించిన ఉపమానము నాకు దొరకలేదు. విత్తు చల్లిన నాడే చేను పండదు. మొలక రావలెను, మొలిచినదానిలో నారుకుళ్ళు తెగులునకు పోయినది పోగా మిగిలినది ఎదుగవలెను, ఆరు వారములు నారుమడిలో నిలిచిన పిమ్మట పీకి చేలో నాటవలెను, నాటినది వేరు పట్టుకొనవలెను. కొత్త నాడీకణపు కథయు ఇట్టిదే. మాతృకణము చీలి పుట్టినదానిలో అధికభాగము మొదటి కొన్ని వారములలోనే నశించును. మిగిలినది నాలుగు మొదలు ఆరు వారములలో కొమ్మలు చాచి పాతకణములతో సంబంధము కలుపుకొనును. ఆ దినములలో జీవి ఏదైన కొత్తవిద్య నేర్చుకొనుచున్నచో బ్రతికి నిలుచునవి అధికమగును.

మద్యము ఈ నారుమడిలో ఏమి చేయుచున్నదో 2002లో ఉత్తర కరోలినా విశ్వవిద్యాలయమునకు చెందిన కింబర్లీ నిక్సన్, ఫుల్టన్ క్రూస్ అనువారు చూపిరి. పెరిగిన ఎలుకలకు నాలుగు దినములపాటు, మనుష్యుడు వరుసగ మత్తులో మునిగియుండు తీరున, మద్యసారమును ఇచ్చి చూడగా, హిప్పోకాంపస్‌లో మాతృకణముల విభజన తగ్గినది. పుట్టినవి కూడ నెల తిరుగునప్పటికి అధికముగ బ్రతుకలేదు. అనగా మొలకయు దెబ్బతినినది, మొలిచిన నారుకును కుళ్ళు తగిలినది. 2003లో వేరొక బృందము కొన్ని వారములపాటు మద్యమునకు అలవాటుపడిన ఎలుకలలో ఇట్టి ఫలితమునే చూచి, ఆక్సీకరణమును అరికట్టు ఒక ఔషధమును తోడుగ ఇచ్చినప్పుడు ఆ నష్టము తగ్గినదని కనుగొనినది. మద్యసారము నీటిలోనే గాక కొవ్వులోను కలియు మిక్కిలి చిన్న అణువగుటచేత, మెదడునకును నెత్తురునకును నడుమ నుండు కట్టడి దానిని ఆపజాలదు. లోపల చేరిన పిమ్మట అది మెదడు రక్షకకణములను రెచ్చగొట్టి ఒకవిధమైన వాపును పుట్టించును, కణముల పోషణకు కావలసిన ద్రవ్యములను తగ్గించును. లేతకణములకు ఇట్టి వాతావరణమున నిలదొక్కుకొనుట కష్టము.

మితముగ తాగినచో ఏమగునని అడుగువారు సభలో ఎప్పుడును ఉందురు. వారికి ఊరట కలిగించు ప్రయోగమొకటి 2005లో వచ్చినది: చిట్టెలుకలలో మితపానముచేత కొత్తకణములు కొంత పెరిగినవని. దానిని పట్టుకొని పండుగ చేసికొనువారు 2012 నాటి రట్గర్స్ విశ్వవిద్యాలయపు ప్రయోగమును కూడ వినవలెను. అందు ఎలుకల నెత్తురులో మద్యపు పాలు నూటికి 0.08, అనగా అమెరికాలో బండి నడుపువానికి చట్టము గీచిన హద్దుకు చేరునంత మాత్రమే, రెండు వారములు ఇచ్చిరి. కొత్తకణముల సంఖ్య నూటికి దాదాపు 40 వంతున తగ్గినది. అయినను ఆ ఎలుకలు అప్పటికప్పుడు కొత్తపాఠములు నేర్చుటలోగాని, నడకలోగాని తడబడలేదు. నాకు భయము కలిగించునది ఈ రెండవ మాటయే. నారుమడి పాడైన వారమున చేలో నిలిచిన పాతపైరు పచ్చగనే యుండును. గట్టుమీద నిలిచి చూచువానికి నష్టము తెలియదు.

తాగుబోతు మెదడుకణములను చంపుకొనుననెడి పాతమాట ఎంత బలహీనమో ఇచ్చట తేటపడును. 1993లో డెన్మార్క్ పరిశోధకులు మద్యవ్యసనముతో మరణించినవారి మెదళ్ళను, ఇతరుల మెదళ్ళతో పోల్చి, పైపొరయందలి నాడీకణముల మొత్తమును శ్రద్ధగ గణింపగా, రెండింటికిని చెప్పుకోదగిన భేదము లేదని తేలినది. క్షీణించినది కణములనుండి సాగిపోవు తంతువులుండు శ్వేతపదార్థము. మెదడు అంతటను ఒకే తీరని చెప్పుటకు లేదు గాని, నష్టమునకు అర్థము కేవలము చావుల లెక్క కాదన్నది స్పష్టము. 2018లో కరోలిన్‌స్కా సంస్థవారు మనుష్యుల మెదళ్ళనే పరీక్షించి, మరణించునాటికి మద్యమును విడువనివారి డెంటేట్ గైరస్‌లో విభజన చెందుచున్న కణములు, మాతృకణములు, లేతకణములు మూడును తక్కువగ నున్నవని చూపిరి. పుట్టవలసినవి పుట్టకపోవుట, పుట్టినవి నిలువకపోవుట. మద్యము పుచ్చుకొను పన్నులో ఇది ఒక పెద్దపద్దు.

మానినచో ఏమగును? ఆ యిల్లాలికి కావలసినది ఇదియే. 2004లో నిక్సన్, క్రూస్‌లే ఎలుకలకు నాలుగు దినముల మత్తు వదలిపోయిన పిమ్మట దినదినమును లెక్కించి చూచిరి.  ఏడవ దినమునాటికి మాతృకణముల విభజన ఒక్క పెట్టున రెట్టింపై చెలరేగినది. ఆ పుట్టినవానిలో అనేకములు తరువాతి వారములలో నాడీకణములుగ రూపొందినవి. మద్యము అణచిపెట్టిన యంత్రము విరిగిపోలేదు, ఆగిపోయినది మాత్రమే. మనుష్యులలో ఆ చెలరేగుటను దినమువారీ చూచుటకు నేటివరకు సాధనము లేదు; కాని మానిన కొలది వారములలోనే కుంచించుకొనిపోయిన మెదడు పరిమాణము కొంత పుంజుకొనుట స్కానింగులలో కనబడుచున్నది. అది అంతయు కొత్తకణముల చలవయే యనుకొనుట పొరపాటు. దినమునకు కొన్ని వందల కణములు మెదడు పరిమాణమును మార్చజాలవు. తంతువుల మరమ్మతు, ఇతరకణముల కోలుకొనుట అందు ప్రధానములు. నెల తిరుగకమునుపే జ్ఞాపకశక్తి పోయినదని తీర్పు చెప్పవలదని మాత్రము ఆమెకు ధైర్యముగ చెప్పగలిగితిని. ఆ నెలలో చల్లినది ఇంకను నారుగనే యున్నది.

శరీరశ్రమకును దీనికిని సంబంధము కలదు. 1999లో గేజ్ ప్రయోగశాలయందు, తిరుగు చక్రముపై ఇష్టమువచ్చినంత పరుగెత్తిన చిట్టెలుకలకు కొత్తకణములు మిక్కిలిగ పెరిగినవి. మన కూలివానికి శ్రమ తక్కువా యని ఎవరైన అడుగవచ్చును. తక్కువ కాదు. అయితే ఆ చిట్టెలుకను ఎవరును అప్పు తీర్చుమని పరుగెత్తింపలేదు. ఆరాటముతో కూడిన ఒత్తిడి ఈ జననములను తగ్గించుననియు ప్రయోగములే చెప్పుచున్నవి.

పిల్లల సంగతి వేరు, దానిని గూర్చి ఉపేక్ష పనికిరాదు. 2010లో స్క్రిప్స్ పరిశోధనాసంస్థలో చిత్ర మాండ్యం మొదలైనవారు, యౌవనమున అడుగిడుచున్న కోతులకు పదకొండు నెలలు దినమునకు ఒక గంటసేపు మద్యము అందుబాటులో నుంచి, తరువాత రెండు నెలలు పూర్తిగ మాన్పించి, అప్పుడు మెదడును పరీక్షించిరి. రెండు నెలల విరామము తరువాత కూడ కొత్తకణముల కొరత తీరలేదు. నాలుగు దినముల మత్తు తరువాత పెద్ద ఎలుకలో వారమునకే కనబడిన చెలరేగుట ఎక్కడ, పదకొండు నెలలు తాగిన పడుచుకోతిలో రెండు నెలలకును రాని కోలుకొనుట ఎక్కడ? పత్తితీతకు పెద్దల వెంట వచ్చి, సాయంకాలము వారి సీసాలో మిగిలినది నాకి చూచు పదునైదేండ్ల కుర్రవానిని చూచి నవ్వు మేనమామలకు ఈ కోతుల కథ చెప్పవలెను.

ఇప్పుడు ముసలమ్మ మాటకు వత్తును. ఒక్కసారిగా మాన్పింపరాదన్న ఆమె భయము నిరాధారము కాదు. ఏండ్ల తరబడి అధికముగ తాగినవానికి మద్యము హఠాత్తుగ అందకున్నచో, మత్తుచేత అణగియుండిన నాడీవ్యవస్థ పగ్గము తెగినట్లు చెలరేగును. చేతులు వణకును, చెమటలు పట్టును. రెండు దినములలోపల మూర్ఛలు రావచ్చును. రెండవ మూడవ దినములలో లేనిది కనబడుట, ఎవరినో చూచి కేకలు పెట్టుట, ప్రాణాపాయము వరకు పోవచ్చును. ఆ దాహమునకు తట్టుకొనలేక మనుష్యుడు ఎంతకు తెగించునో 2020 జూలై నెలాఖరున ప్రకాశం జిల్లా కురిచేడులో చూచితిమి. కరోనా కట్టడిచేత మద్యము దుకాణములు మూతపడగా, చేతులు శుద్ధిచేసికొను శానిటైజరును తాగి పదిమందికి పైగా మరణించిరి. కావున భయము నిజమే; ఆమె చెప్పిన చికిత్స మాత్రము తప్పు. కొంచెము కొంచెముగ సీసానుండి పోయుచు పోవుటకు ఇంటిలో కొలత ఉండదు, హద్దు ఉండదు. నరసరావుపేటలోనో గుంటూరు పెద్దాసుపత్రిలోనో మందుబిళ్ళలతో ఆ వారము దాటింపవచ్చును. ఆ వారము దాటినప్పుడే కొత్తకణముల పని మరల మొదలగుటకు అవకాశము.

ఇంకొక్క సంగతి మిగిలినది. తాగుడు మానినవాని మఱపు అంతయు కొత్తకణముల కొరత వలననే కలుగదు. అన్నము మాని మద్యముతోనే కడుపు నింపుకొనువానికి బి-1 విటమిను, అనగా థయామిన్, కరవై మెదడులో వేరొక భాగము దెబ్బతినును. 1881లో వెర్నికీ, 1887లో కోర్సకోవ్ వర్ణించిన ఆ వ్యాధి ముదిరినచో, నిన్నటిది నేడు నిలువని మఱపు శాశ్వతముగ స్థిరపడవచ్చును. కనుగుడ్లు నిలకడ లేక కదలుట, కాళ్ళు ఎడము చేసికొని తూలుచు నడచుట, తాగకున్నను తికమకపడుట దీని గుర్తులు. మన పల్లెలలో మానిన మనిషి నీరసముగ పడియున్నాడనగానే ఆర్.ఎం.పి. డాక్టరును పిలిపించి, మంచముకోడుకు కఱ్ఱ కట్టి, గ్లూకోజు సీసా వ్రేలాడదీయించుట ఆచారము. థయామిన్ లేనివానికి ముందుగ గ్లూకోజు ఎక్కినచో, ఆ గ్లూకోజును వాడుకొనుటకు మిగిలిన కొద్దిపాటి థయామిన్ కూడ ఖర్చై, వ్యాధి గంటలలో విషమింపవచ్చును. బి-1 సూది మొదట వేయవలెను, గ్లూకోజు దాని తరువాతనే. దాచేపల్లి ఇల్లాలి భర్తకు కనుచూపులోను నడకలోను ఏ దోషమును లేదని విని, సూది వేయించి, మరి రెండు నెలలు గడచిన పిమ్మట అతని చేతనే కూలి పద్దులు వ్రాయించి చూడుమని ఆమెకు చెప్పితిని.